మెట్ల కింది సర్వర్

ఆదివారం పొద్దున్నే కోడలు మెట్ల కిందికి దూరింది. ఒకప్పుడు చెప్పులు పెట్టుకునే ఆ మూలలో ఏడేళ్ళుగా ఒక కంప్యూటర్ ఆగకుండా తిరుగుతోంది. నిటారుగా కూర్చుంటే మెట్టు నెత్తికి తగులుతుంది కాబట్టి అక్కడ ఎంతటివాళ్ళయినా తల వంచాల్సిందే. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె సరదాపడి పెట్టిన వెబ్ సర్వర్ అది. మామగారు కుట్టుమిషన్ల మెకానిక్, ఇంటి ముందుగదిలో విడిభాగాల షాపు నడుపుతారు. ఏ మిషన్‌కి ఏ భాగం పడుతుందో ఆయన చేత్తో గీసిన బొమ్మలన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడెక్కడి దర్జీలో ఆ పేజీలు చూసి భాగాలు తెప్పించుకుంటారు. షాపు నిలబడింది దాని మీదే.

ఆ సరదా కాస్తా మెడకు చుట్టుకుంది. పుట్టింటికి వెళ్తే రెండో రోజుకల్లా ఫోను: "అమ్మాయ్, పేజీ తెరుచుకోవట్లేదు!" చెల్లెలి పెళ్ళి ఫొటోల్లో ఆమె ఎక్కడా కనిపించదు. ముహూర్తం నడిచిన ఆ గంటన్నర సేపూ ఒక గదిలో తలుపేసుకుని, ఫోనులోంచే సర్వర్‌ని లేపుతూ కూర్చుంది. ఉద్యోగాలు రెండొస్తే రెండూ వదులుకుంది. ఇప్పుడు మూడోది, ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం. పని వేళల్లో సొంత ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు. వచ్చేదీ లేనిదీ ఈ సాయంత్రం అయిదింటికల్లా చెప్పమన్నారు. భర్తకి తప్ప ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

ఆమె లెక్క ఆమెకుంది. ఈ పూట సర్వర్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసేస్తే, పడిపోయినా తనంతట తనే లేచేలా ఏర్పాటు చేయొచ్చు. ఆ తర్వాత ధైర్యంగా నోరు విప్పొచ్చు.

"ఆదివారం కూడా దాన్ని కెలకాలా?" మామగారు కుర్చీలోంచే కేకేశారు.

"పాత వెర్షన్‌కి గడువు అయిపోతోంది మామయ్యా. ఇక దాంట్లో లోపం బయటపడినా సరిచేసి ఇచ్చేవాళ్ళు ఉండరు. గొళ్ళెం ఊడిందని తెలిసీ పడుకున్నట్టే."

"నడుస్తున్న మిషన్ని విప్పొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నా. వినేదెవరు!"

అత్తగారు చిన్న పీట లాక్కుని, కూరగాయల బుట్టతో, ఒక పొడుగాటి నోట్‌బుక్‌తో ఎదురుగా కూర్చుంది. కోడలు సర్వర్ ముట్టుకున్నప్పుడల్లా ఆవిడ అలాగే వచ్చి కూర్చుంటుంది. కాపలా అనుకుని కోడలు లోలోపల ఉడుక్కుంటుంది. చదివిన పాఠమంతా పైకి వల్లెవేసిన చిన్ననాటి అలవాటు కోడలిది. ఇప్పటికీ టైపు చేసే ప్రతి అక్షరం పైకి అనాల్సిందే. "స్లాష్... పార్ట్స్... మీసం తెరువు... మీసం మూసెయ్" అని గొణుగుతుంటుంది. మెలికల బ్రాకెట్లకి ఆమె పెట్టుకున్న పేరు మీసం.

మధ్యాహ్నానికి కూడా పాత డిస్కులోని పేజీలు విడిగా కాపీ అవుతూనే ఉండగా భర్త వచ్చి మెట్లకి ఆనుకున్నాడు.

"సాయంత్రం ఆసుపత్రి వాళ్ళకి ఏం చెప్తున్నావ్?"

ఆమె కళ్ళతోనే వద్దంది. అప్పటికే ఆలస్యమైంది.

"ఏ ఆసుపత్రి?" మామగారు లేచి వచ్చారు.

ఇక దాచి లాభం లేదు. ఉన్నదంతా చెప్పేసింది.

"బాగుంది! నువ్వెళ్తే దీన్నెవరు చూస్తారు?"

"ఏడేళ్ళుగా అదే మాట మామయ్యా! నాకు నూటమూడు జ్వరమొచ్చినా లేపి ఇక్కడ కూర్చోబెట్టారు. మీ మిషన్లకి ఏది అరిగిపోయినా వేరే భాగం దొరుకుతుంది. నాకు బదులు ఈ ఇంట్లో ఎవరూ లేరా?"

"నాన్న మీద అరుస్తావేంటి?" అన్నాడు భర్త.

"మీరు మాట్లాడకండి. నా తరఫున ఒక్కసారైనా మాట్లాడారా?"

కాపీ పూర్తయిందని తెర మీద వచ్చింది. పాతదంతా తుడిచేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. ఆమె కోపమంతా వేలికొసలోకి వచ్చింది. ఊఁ అని నొక్కింది.

రెండు గంటల తర్వాత కొత్త సర్వర్ లేచింది. తెల్లటి పేజీ మీద ఒకే ఒక్క ముక్క: అభినందనలు, సర్వర్ పని చేస్తోంది.

"ఎవరికమ్మా అభినందనలు? నా బొమ్మలేవి?"

కోడలికి అప్పుడు తట్టింది. పేజీలైతే కాపీ చేసింది గానీ సెట్టింగుల ఫైలు ఇంకో చోట ఉంది. దాన్ని మర్చిపోయింది. ఏ అడ్రసుకి ఏ పేజీ చూపాలో, దర్జీల ఆర్డర్లు ఎటు వెళ్ళాలో చెప్పేదే ఆ ఫైలు. ఏడేళ్ళుగా ఎదురుదెబ్బ తగిలినప్పుడల్లా ఒక్కో వరుస చేర్చుకుంటూ వచ్చింది. మళ్ళీ గుర్తు తెచ్చుకుని రాయాలంటే వారమైనా చాలదు. వారం దాకా ఆసుపత్రి ఆగదు.

షాపు ఫోను మోగడం మొదలుపెట్టింది. ఒక దర్జీ, ఇంకో దర్జీ. భర్త అందరికీ సమాధానం చెప్పలేక నానా తంటాలు పడుతున్నాడు.

"చూశావా?" అన్నారు మామగారు.

కోడలు మోకాళ్ళలో తల పెట్టుకుంది. పైన మెట్లు, పక్కన గోడ, ఎదురుగా ఈ మనుషులు. బయటపడదామని తీసిన తలుపుని తన చేత్తోనే మూసేసుకుంది. మూడున్నరైంది.

"లే అమ్మా. నేను చదువుతా, నువ్వు కొట్టు."

తలెత్తి చూస్తే అత్తగారు. ఒళ్ళో ఆ పొడుగాటి నోట్‌బుక్ తెరిచి ఉంది.

"ఏంటత్తయ్యా అది?"

"నువ్వు పైకి అన్నవే. నాకు వినిపించినట్టు రాసుకున్నా. లొకేషన్. స్లాష్. పార్ట్స్. మీసం తెరువు. సరేనా?"

కోడలు నోట్‌బుక్ లాక్కుని చూసింది. గుండ్రటి తెలుగు అక్షరాల్లో పేజీల కొద్దీ తన మాటలే. చుక్కలతో సహా, మీసాలతో సహా. తేదీలు వేసి ఉన్నాయి. ఒక తేదీ కింద ఇలా ఉంది: "మూడుసార్లు తప్పింది. పిల్ల ఏడ్చింది. నాలుగోసారి కుదిరింది. నవ్వింది. ఇంకా ఏమీ తినలేదు."

"ఎందుకు రాశారివన్నీ?"

"ఇది పెట్టిన వారానికే నీకు జ్వరమొస్తే ఈయన నిన్ను లేపారే, ఆ రోజు మొదలుపెట్టా. ఇంట్లో ఇంకొకళ్ళకి తెలిసుంటే నిన్ను పడుకోనిచ్చేవాళ్ళం కదా అనిపించింది."

"మరి ఇన్నాళ్ళూ నాతో అనలేదేం?"

"ఎలా అంటానే? ఎవరైనా దగ్గరికొస్తే తెర అటు తిప్పేసుకుంటావు. ఇది నీ ఒక్కదాని చోటు, రానివ్వదులే అనుకున్నా."

ఆ మాట కోడలికి సూటిగా తగిలింది. నిజమే. ఎవరికీ నేర్పలేదు. ఒక కాగితం మీద కూడా రాసి పెట్టలేదు. తను లేకపోతే జరగదని వాళ్ళంటే ఎంత మండిపోయేదో, లోపల ఎక్కడో అంత తృప్తిగానూ ఉండేది. ఈ ఇంట్లో తనకంటూ ఉన్నది అదొక్కటే. దాన్ని పట్టుకుని వేలాడుతూ, వీళ్ళే కట్టేశారని ఏడ్చింది.

"చదవండత్తయ్యా," అంది కీబోర్డు దగ్గరికి లాక్కుని.

గంట పైన పట్టింది. ఒకచోట చుక్క పోయింది, ఒకచోట మీసం మూయడం మర్చిపోయారు. తప్పినప్పుడల్లా అత్తగారు వేలు పెట్టి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. ఆఖరి వరుస అయ్యాక కోడలు లేచి, అత్తగారి భుజాలు పట్టుకుని తన చోట్లో కూర్చోబెట్టింది.

"రీస్టార్ట్ మీరే కొట్టండి."

"అమ్మో! నా వేళ్ళకి వస్తుందా?"

"మీరు రాసిందేగా."

ఒక్కో అక్షరం పైకి అంటూ ఒంటివేలితో కొట్టింది ఆవిడ. తెల్లటి పేజీ పోయింది. ఆ చోట మామగారు పెన్సిల్‌తో గీసిన, దారం చుట్టే బాబిన్ బొమ్మ మెల్లగా తేలింది. షాపు ఫోను మోగడం ఆగింది.

"పేజీ ఆగిపోతే ముందు ఏది నొక్కాలో నాకూ పెద్ద అక్షరాలతో రాసివ్వవే," అన్నారు మామగారు భార్యతో. చూద్దామని వంగబోతే మెట్టు ఠపీమని నెత్తికి తగిలింది. "ఇందులో ఎలా కూర్చున్నావమ్మా ఇన్నేళ్ళూ?" అన్నారు నెత్తి రుద్దుకుంటూ. భర్త తల దించుకున్నాడు. "అయిదు కావస్తోంది, ఫోన్ చెయ్యి," అన్నాడు మెల్లగా.

కోడలు వీధి గుమ్మంలోకి వెళ్ళి ఫోన్ చేసింది. "వస్తానండీ. రేపే వస్తాను."

తిరిగి వచ్చేసరికి అత్తగారు నోట్‌బుక్‌లో ఏదో రాస్తోంది. భుజం మీదుగా వంగి చూసింది. ఇవాళ్టి తేదీ కింద రెండే వరుసలు.

"నేనే రీస్టార్ట్ చేశాను. పిల్ల ఏడ్చింది."

అప్పుడు గానీ కోడలికి తన చెంపలు తడిగా ఉన్నాయని తెలియలేదు.