నోరు నొక్కేసిన అలారం

"పదకొండు విమానాలు గాల్లో ఉన్నాయి. ఇంకో అరగంటలో కంట్రోల్ రూమ్‌లో రాడార్ తెరలు ఆరిపోతాయి," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా పని. లేని విమానాలు ఉన్నట్టు వేలకొద్దీ దొంగ సందేశాలు పంపుతున్నారు. కంప్యూటర్ మెమరీ నిండిపోతోంది. పూర్తిగా నిండితే ప్రోగ్రామ్ కూలుతుంది."

ఎదురుగా నిలబడ్డది ఏజెంట్ డేగ. గూఢచారి కాకముందు ఆ ప్రోగ్రామ్ రాసింది అతనే.

"మెమరీ తగ్గితే ముందే అలారం మోగాలిగా?"

"మోగాలి సార్."

"మరెందుకు మోగలేదు?"

డేగ తలుపు వైపు నడిచాడు. "వెళ్లొస్తాను సార్."

ఇరవై నిమిషాల తర్వాత ఏసీ మెకానిక్ వేషంలో టవర్ మెట్లెక్కాడు. మూడో అంతస్తులో పచ్చ పట్టుచీర, నల్లకళ్లద్దాలు ఎదురొచ్చాయి. ముఠాలో ఉంటూనే మనకు కబుర్లు చేరవేసే నెమలి.

"చల్లదనం చాలడం లేదు," అంది కోడ్ ప్రకారం.

"గ్యాస్ తగ్గుంటుందండి."

ఆమె గొంతు తగ్గించింది. "సందేశాలు పంపే పెట్టె మూడో ర్యాక్ వెనక ఉంది. మా బాస్ కింద తెల్లకారులో ఉన్నాడు. అన్నట్టు, అలారం ఆపింది మావాళ్లు కాదు. ఎవడో పుణ్యాత్ముడు ముందే దాని నోరు నొక్కేశాట్ట. అందుకే ఈ టవర్‌ని ఎంచుకున్నాం. ఎంత నవ్వుకున్నామో!"

డేగకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్ల కిందట, ఊరికే మోగుతోందని సిబ్బంది విసుక్కుంటే, మెమరీ ఐదు శాతమే మిగిలినప్పుడు మోగాల్సిన అలారాన్ని సున్నాకి మార్చాడు. సున్నా అయ్యాక మోగడానికి ప్రోగ్రామ్ బతికుండదని అతనికి తెలుసు. సోమవారం సరిచేద్దామనుకున్నాడు. ఆ సోమవారం కొత్త ఉద్యోగంలో చేరాడు.

పెట్టె పీకేశాడు. లాభం లేదు, అప్పటికే నిండింది నిండినట్టే ఉంది. మిగిలింది రెండు శాతం. అసలు విమానాల సందేశాలతో అదీ కరుగుతోంది. ఖాళీగా ఉన్న రెండో కంప్యూటర్‌కి మారాలంటే సూపర్‌వైజర్ తాళంచెవి తిప్పాలి.

కంట్రోల్ రూమ్‌లోకి పరుగెత్తాడు. "అమ్మా, వెంటనే మార్చండి!"

నెరిసిన జుట్టు సూపర్‌వైజర్ ఎగాదిగా చూసింది. "విమానాలు దిగుతుంటేనా? ఏసీ బాగుచేసేవాడివి, నీకేం తెలుసు?"

ఏ అబద్ధమైనా ఇట్టే ఆడగలిగే మనిషికి నిజం చెప్పక తప్పలేదు.

"ఈ ప్రోగ్రామ్ రాసింది నేనేనమ్మా. అలారం ఆపిందీ నేనే. ఇప్పుడు మెమరీ ఒక్క శాతమే ఉంది."

గదిలో అందరూ తిరిగి చూశారు. అతని చెవులు కాలిపోయాయి.

ఆమె తాళంచెవి తిప్పింది. తెరలన్నీ నల్లబడ్డాయి. ఒకటి... రెండు... పదకొండు చుక్కలూ వెలిగాయి. పక్కన పాత కంప్యూటర్ అప్పుడే కుప్పకూలింది.

"అది మోగకపోతే అంతా బాగానే ఉందనుకున్నాం నాయనా," అంది సూపర్‌వైజర్ మెల్లగా. తిట్టినా బాగుండేది.

తలెత్తకుండానే అలారాన్ని మళ్లీ ఐదు శాతానికి తెచ్చాడు. చెవిలోని రిసీవర్‌లో చీఫ్ పలికాడు.

"తెల్లకారు బాస్ దొరికాడు. అలారం ఆపిన దొంగ దొరికాడా?"

"దొరికాడు సార్. లైన్లోనే ఉన్నాడు."