ఆపరేషన్ ఇనప బకెట్

సైంటిస్టు లిఫ్టులో చచ్చిపడి ఉన్నాడు. పక్కన ఒలికిన కాఫీ. మెడ మీద సూది గుచ్చిన గుర్తు.

"విషం," అన్నాడు చీఫ్. "తుమ్మెదా, తలుపెయ్."

సీక్రెట్ సర్వీసులో తుమ్మెద పేరు చెబితే హడల్. ఎన్ని శవాలు చూశాడో! చీఫ్ చెప్పింది వింటుంటే మాత్రం ఆ తుమ్మెదకే చెమటలు పోశాయి.

"నావిగేషన్ శాటిలైట్ సిగ్నల్ తేమ గాలిలోంచి వస్తే రవ్వంత ఆలస్యంగా దిగుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి తుఫాను సంగతి చెప్తారు. తీరంలో మూడు రిసీవర్లున్నాయి. శత్రుముఠా రెండిటికి దొంగ సిగ్నల్ పెట్టింది. గాలి పొడిగా ఉందని అవి కూస్తున్నాయి."

"మూడోది?"

"నిజం చెప్తోంది. అందుకే కంప్యూటర్ దాన్ని పక్కన పారేసింది. రెండు ఒకమాట మీదుంటే మూడోది చెడిపోయిందనే దాని లెక్క. ఎటూ తేలకపోతేనే హార్బర్ మూయించి డ్యూటీ ఆఫీసర్ని పిలుస్తుంది. ఈ మోసం కనిపెట్టినవాడు ఇదిగో, ఇలా పడున్నాడు. రుజువులు మాయం, మన మాట ఎవరూ నమ్మరు. మధ్యాహ్నం నౌకాదళం మొత్తం తుఫానులోకి బయల్దేరుతోంది. ఒక్క తూటా ఖర్చులేకుండా వాళ్లు యుద్ధం గెలుస్తారు."

ప్యాసింజర్ ఫెర్రీ బయల్దేరేదీ అప్పుడే. దాని కెప్టెన్ తుమ్మెద చెల్లెలు.

రూల్సు గాలికొదిలేసి ఫోన్ చేశాడు.

"ఇవాళ వెళ్లకమ్మా."

"మళ్లీ మొదలెట్టావా అన్నయ్యా? పోయినసారీ ఇలాగే ఆపావు. ఒక్క చినుకు పడలేదు, అందరూ నన్ను చూసి నవ్వారు. వాతావరణ ఆఫీసు ఓకే అంది."

"నా మాట విను..."

పెట్టేసింది. మొండిఘటం! ఈ అన్నకి తగ్గ చెల్లెలే మరి.

కస్టమ్స్ బిల్డింగ్ టెర్రస్ మీదికి నీళ్లట్యాంకులు కడిగేవాడొకడు ఎక్కాడు. ఖాకీ బట్టలు, పెట్టుడు మీసం, చేతిలో ఇనప బకెట్. మోసపోయిన రెండు రిసీవర్లలో ఒకటి ఆ టెర్రస్ మీదే ఉంది. దొంగ ట్రాన్స్‌మిటర్ ఆ చుట్టుపక్కలే ఉండాలి. ముఠాలో మన మనిషి ఒకరున్నారనీ, 'గొడుగు తెచ్చావా' అని అడుగుతారనీ చీఫ్ చెప్పాడు. ఆ మనిషి జాడే లేదు.

సిగరెట్ లైటర్‌లో దాచిన డిటెక్టర్ నొక్కాడు తుమ్మెద. అది రెండుసార్లు కుయ్యిమని చచ్చింది. తిట్టుకుంటూ ట్యాంకుల వెనక, పైపుల కింద, ఏసీ డబ్బాల్లో చేతులు పెట్టి వెతికాడు. మోచేతులు చీరుకుపోయాయి. ఏమీ దొరకలేదు.

హార్బర్‌లో ఫెర్రీ హారన్ మోగింది. తుమ్మెదకి ఏడుపొచ్చింది. చిన్నప్పుడు దానికి ఈత నేర్పింది తనే. ఎంత ఈతొస్తే మాత్రం ఆ సముద్రం ముందు ఏం పనికొస్తుంది?

"కదలకు!"

నల్ల కళ్లద్దాలు, సిల్కు స్కార్ఫు, చేతిలో వెండిరంగు పిస్టల్. ముఠాలో పేరుమోసిన సుందరి, నెమలి!

"నా చెల్లెలు ఆ ఫెర్రీలో ఉంది," అన్నాడు. "తర్వాత కాల్చుకో. ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో చెప్పు, నీ కాళ్లు పట్టుకుంటాను."

నెమలి పిస్టల్ దించలేదు. రెండో హారన్ మోగింది.

అప్పుడు వెలిగింది తుమ్మెదకి. ఛ, ఇంతసేపూ బుర్ర ఏమైంది! ఈ రిసీవర్ చేత నిజం చెప్పించక్కర్లేదు, నోరు మూయిస్తే చాలు. అప్పుడు ఒక నిజం, ఒక అబద్ధం మిగులుతాయి. కంప్యూటర్ ఎటూ తేల్చుకోలేదు!

బకెట్‌లో సబ్బునీళ్లు పారబోసి, ఒక్క గెంతులో వెళ్లి రిసీవర్ తెల్లటి యాంటెన్నా మీద బోర్లించి, దాన్ని వాటేసుకున్నాడు.

పిస్టల్ పేలింది. కళ్లు మూసుకున్నాడు. నొప్పి లేదే! వెనక్కి చూస్తే సిరంజి పట్టుకున్నవాడొకడు భుజం పట్టుకుని కూలబడుతున్నాడు.

"గొడుగు తెచ్చావా?" అంది నెమలి.

"ఆ మాట ముందే అడగొచ్చుగా తల్లీ!"

"వీడు వింటున్నాడు. ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో నాకూ చెప్పలేదు వీళ్లు."

కింద హార్బర్ సైరన్ కూసింది. నౌకాదళం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. రేవు దాటబోతున్న ఫెర్రీ ఆగి, మెల్లగా వెనక్కి తిరిగింది. తుమ్మెద బకెట్ మీద తల వాల్చి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రానికి సముద్రం రేవు గోడలు దాటి వచ్చింది. చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇక నిన్ను తిట్టనురా," అని మాత్రం అంది.

మర్నాడు చీఫ్ పిలిపించాడు. "అంతా బాగానే ఉంది గానీ, ఆ బకెట్ ఏదీ? స్టోర్స్‌వాళ్లు ప్రాణం తీస్తున్నారు."

"గాలికి కొట్టుకుపోయింది సార్. తుఫానొస్తుందని వాతావరణ ఆఫీసువాళ్లు ఒక్కమాట ముందే చెప్పుంటే, లోపల పెట్టేవాణ్ణి."