గంట పైకెక్కిన శనివారం

ఆ శనివారం పొద్దున చిన్నమేస్త్రి కాళ్లు నేల మీద నిలవడం లేదు. మొహం కడుక్కుంటూ పాట, బూట్ల లేసులు బిగిస్తూ పాట, ఆఖరికి నోట్లో రొట్టెముక్క పెట్టుకుని కూడా అదే కూనిరాగం. చిన్నమేస్త్రి అంటే మేస్త్రిగారి ఒక్కగానొక్క కూతురు. ఇరవై నాలుగేళ్లది. తండ్రి ఇటుకలు పేరిస్తే ఈ పిల్ల ఇనుము అతుకుతుంది. వెల్డింగు షాపులో ఐదేళ్ల నుంచి పని. ఆ పేరు వీధివాళ్లు పెట్టింది.

"ఏమే, నువ్వు వెళ్లేది గేటు అతకడానికా, పెళ్లికా?" కుట్టుమిషను తొక్కుతూ తల్లి అడిగింది. ఆవిడ ముందు బడిపిల్లల చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి.

"పెద్ద గేటమ్మా. ఊళ్లో అంత ఎత్తు గేటు ఇంకోటి లేదు."

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చున్న మేస్త్రి పేపరు కాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు. నవ్వు ఆపుకోవడం ఆయనకి ఎప్పుడూ చేతకాదు.

రెండేళ్ల క్రితం ఆయన తన రెండు కాళ్ల మీదే నడిచేవాడు. చర్చి గంట గోపురంలో దూలం పుచ్చిపోయి, చుట్టూ గోడ బీటలిస్తే, "దేవుడి పనికి కూలేమిటి" అని సున్నం తట్ట పట్టుకుని పైకెక్కాడు. మూడో రోజు పరంజా చెక్క జారింది. ప్రాణం దక్కింది గానీ నడుము కిందనుంచి శరీరం ఆయన మాట వినడం మానేసింది. గంటని కిందికి దింపి రేకుల షెడ్డులో పెట్టారు. అప్పటినుంచి అది అక్కడే పడి ఉంది.

ఎనిమిదింటికి తలుపు తోసుకుని మేనమామ వచ్చాడు. లారీ డ్రైవరు. మేస్త్రి భార్యకి సొంత తమ్ముడు. పెళ్లిళ్లకి, చావులకి తప్ప చర్చి మెట్లెక్కడని పేరు. భుజాన ఇంత లావు తాడు చుట్ట.

"కోడలు పిల్లా, రెడీయేనా? తాడు కొత్తది తెచ్చా. ఏనుగుని వేలాడదీసినా తెగదు. గోపురం పైనుంచి కింద దాకా సరిపోయి ఇంకా..."

చిన్నమేస్త్రి కళ్లు పెద్దవి చేసింది. మేస్త్రి పేపరు కింద పడేశాడు. మామయ్య నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

కుట్టుమిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది తల్లి.

"ఏ గోపురం?"

మామయ్య తాడు చుట్టని వీపు వెనక్కి జరుపుకున్నాడు.

"ఏ గోపురంరా?"

"అక్కా, అదీ... ఈ నోరు నాది కాదు, ఎవడిదో తగిలించుకున్నా," అని మామయ్య తాడు కింద పెట్టాడు.

చిన్నమేస్త్రి తల్లి ముందుకొచ్చి నిలబడింది. "మన చర్చి గోపురమేనమ్మా. గంట మోయడానికి ఇనప చట్రం చేశాను. నాలుగు నెలలు పట్టింది. ఇవాళ బిగిస్తాం. రేపు ఆదివారం ఆరాధనకి గంట మోగాలి."

"నువ్వు ఎక్కుతావా?"

"చట్రం నాది. ఇంకొకళ్లని ఎలా ఎక్కించను?"

తల్లి లేచింది. ఒళ్లో చొక్కా జారి కింద పడినా చూసుకోలేదు. భర్త వైపు తిరిగింది. "మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే ఊరుకున్నారు. ఒకళ్లని మింగింది చాలలేదా ఆ గోపురానికి? మీ కాళ్లు ఇచ్చారు. ఇప్పుడు దీన్నీ ఇస్తారా?"

"అలా అనకు. పిల్ల బెల్టు కట్టుకుంటుంది, తాడు ఉంటుంది. నేను అవేమీ లేకుండా ఎక్కాను. అది నా తప్పు. దేవుడి మీదకి తొయ్యలేను."

"నేను తోస్తాను!" ఆవిడ గొంతు ఇల్లంతా వినిపించింది. "ఆయన పని చేస్తున్నవాణ్ణి ఆయన ఇంటి మీదనుంచే పడేసుకున్నాడు. రేపు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరుగారు. 'అమ్మా, శ్రమల్లో కూడా మీ విశ్వాసం చెక్కుచెదరలేదు, నలుగురికీ ధైర్యం వస్తుంది' అన్నారు. ఏం చెప్పను? ఆ రోజునుంచీ ఒక్కటంటే ఒక్క ప్రార్థన చెయ్యలేదని చెప్పనా?"

"అదేమిటమ్మా?" చిన్నమేస్త్రి మెల్లగా అడిగింది. "ప్రతి ఆదివారం నా పక్కనే కదా..."

"పెదాలు కదుపుతానే. మీ నాన్నకి వెళ్లాలని ఉంటుంది కాబట్టి కుర్చీ తోసుకెళ్తాను. అందరూ లేస్తే లేస్తాను, కూర్చుంటే కూర్చుంటాను. అంతే."

మేస్త్రి మొహం వాడిపోయింది. "మరి ఆస్పత్రిలో?" అన్నాడు. "నాకు మెలకువ వచ్చినప్పుడల్లా నువ్వు పక్కన కూర్చుని పెదాలు కదుపుతూ ఉండేదానివి. నా నోట ప్రభువా అన్న మాట కూడా వచ్చేది కాదు అప్పుడు. ఇది నమ్ముతోంది కదా, ఇది పట్టుకుంటే నన్నూ పట్టుకున్నట్టే అనుకుని కళ్లు మూసుకునేవాణ్ణి."

ఆవిడ కళ్లు దించుకుంది. "సెలైను చుక్కలు లెక్కపెట్టుకునేదాన్ని."

మేస్త్రి చేతులు కుర్చీ చక్రాల మీద బిగుసుకున్నాయి. రెండేళ్లుగా ఏ గోడకి ఆనుకుని కూర్చున్నాడో ఆ గోడే లేదని ఇప్పుడు ఆవిడ చెప్తోంది.

"నాకు తెలియాల్సింది," అన్నాడు. "ఇదివరకు నువ్వు పొద్దస్తమానం ఆయనతో పోట్లాడేదానివి. కూర మాడితే ఆయనకే చెప్పేదానివి, వాన రాకపోతే ఆయన్నే నిలదీసేదానివి. ఆ తర్వాత మర్యాదగా అయిపోయావు. శాంతించావనుకున్నాను. మర్యాద పరాయివాళ్ల దగ్గర కదా ఉండేది! మరి నేను ఎవరి ప్రార్థన మీద బతికాను?"

తలుపు దగ్గర మామయ్య చెప్పుతో నేల రాస్తూ నిలబడ్డాడు. మొహం ఎర్రగా అయిపోయింది.

"బావా, నవ్వకూడదు మరి."

అందరూ అటు చూశారు.

"ఆస్పత్రి గేటు ముందు లారీ ఆపుకుని... స్టీరింగు మీద తల పెట్టుకుని... నాకు ఆ మాటలన్నీ రావు. 'అయ్యా, మా బావని చూసుకో. మా అక్క ఇప్పుడు నీతో మాట్లాడే స్థితిలో లేదు. దాని బదులు నేను మాట్లాడుతున్నా, ఏమీ అనుకోకు' అనేవాణ్ణి. అంతే. అలవాటైపోయింది. ఇప్పటికీ బండి స్టార్టు చేసే ముందు ఆ మాటే అంటా. వెనక హారన్లు కొట్టి చంపుతున్నారు."

చిన్నమేస్త్రి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మేస్త్రి చెయ్యి చాపితే మామయ్య వచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా గురించి ఎందుకు చెప్పావురా ఆయనకి?" అంది అక్క. మాట మాత్రం కోపంగానే ఉంది.

"నువ్వు చెప్పట్లేదు కదే."

ఆవిడ కూతురి వైపు తిరిగింది. "ఎక్కకపోతే ఏం?"

"అమ్మా, నాన్న పడ్డ రోజు షాపుకి సెలవు పెట్టి నేను కింద సున్నం కలుపుతున్నాను. నా కళ్లముందే పడ్డాడు. అప్పటినుంచి చర్చిలోకి తల వంచుకునే వెళ్తున్నా, ఆ గోపురం కనపడకుండా. ఎన్నాళ్లు వంచుకోను? ఒక్కసారి పైకెక్కి, నా చేత్తో అక్కడ ఏదో ఒకటి గట్టిగా నిలబెట్టి రావాలి. నాకు భయం లేదనుకోకు. రాత్రి మూడుసార్లు లేచి బెల్టు కొక్కెం సరిచూసుకున్నా."

తల్లి ఆ పిల్ల మొహం కాసేపు చూసింది. తర్వాత వంగి తాడు చుట్ట భుజానికెత్తుకుంది. బరువుకి ఒక పక్కకి ఒరిగింది.

"ఈ తాడు కింద పట్టుకునేది ఎవరు?"

"నేనేనక్కా."

"నువ్వు వెనక. ముందు నేను."

*

పదింటికల్లా చర్చి ఆవరణ నిండిపోయింది. పాస్టరుగారు చొక్కా చేతులు మడిచి ఇసక బస్తాలు మోస్తున్నారు. షాపు కుర్రాళ్లు ఇద్దరు గొలుసు కప్పీ దగ్గర. మేస్త్రి కుర్చీని గోపురం ఎదురుగా పెట్టించుకుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు. "ఎడమ పక్క గోడ నమ్మకు! కుడి పక్కది నేను కట్టింది, దాని మీద కాలు పెట్టు!"

చిన్నమేస్త్రి పరంజా ఎక్కుతోంది. బెల్టుకి కట్టిన తాడు పైన కప్పీ మీదుగా తిరిగి కిందికొచ్చి తల్లి చేతుల్లో ఉంది. ఆవిడ వెనక మామయ్య నడుముకి ఒక చుట్టు చుట్టుకుని నిలబడ్డాడు. కూతురు ఒక మెట్టెక్కితే తల్లి ఒక మూర లాగుతుంది. చేతులు కుట్టుపనికి అలవాటైనవి. దారం ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో వాటికి తెలుసు.

మధ్యాహ్నానికి చట్రం కూర్చుంది. నాలుగు బోల్టులు, నాలుగూ బిగిశాయి. పైనుంచి పిల్ల చెయ్యి ఊపితే కింద జనం ఈలలు వేశారు. ఇక గంట.

గొలుసు కిరకిరమంటూ తిరిగింది. ఇద్దరు మనుషుల బరువున్న గంట నేల వదిలి అంగుళం అంగుళం లేచింది. కిటికీ ఎత్తు, కప్పు ఎత్తు, గోపురం గూటి దాకా వచ్చేసరికి గాలి కొట్టింది. గంట ఊగింది. దాన్ని లోపలికి తిప్పడానికి చిన్నమేస్త్రి ముందుకి వంగింది. కాలి కింద చెక్క కదిలింది.

మేస్త్రి కేక వేశాడు.

పిల్ల గాల్లో ఉంది. తాడు తల్లి అరచేతుల్లోంచి సర్రున జారి, ఒక్క బారెడు పోయి, ఆగింది. మామయ్య వెనక్కి పడి మడమలు నేలలో దిగేసి కూర్చున్నాడు. తల్లి తాడుని మణికట్టుకి మెలిపెట్టుకుని, తల పైకెత్తింది. చూపు కూతురి మీద నుంచి ఇంకా పైకి పోయింది.

"చూస్తున్నావా?" అని అరిచింది. "నిన్నే! చూస్తున్నావా అంటున్నా! ఒకసారి నోరు మూసుకున్నాను. మళ్లీ మూసుకుంటాననుకున్నావేమో! నా పిల్లని పట్టుకో! నా చేతులు చాలవు, నీ చెయ్యి కూడా వెయ్యి! వేస్తావా వెయ్యవా?"

పాస్టరుగారు పరుగెత్తుకొచ్చి తాడు కొస అందుకున్నారు. పైన చిన్నమేస్త్రి ఊగుతూ ఊగుతూ కుడి పక్క గోడ అంచు దొరకబుచ్చుకుంది. ఒక మోకాలు వేసింది. రెండోది వేసింది.

"బాగానే ఉన్నానమ్మా! వదలకు!"

"వదల్తానా!" అంది తల్లి. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నా రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి.

మేస్త్రి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చెప్పలేం. "విన్నారా?" అని పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. "విన్నారా మా ఆవిడ ప్రార్థన!"

ఇంకో అరగంటకి గంట చట్రంలో కూర్చుంది. బిగించేటప్పుడు రెంచి తగిలి ఒక్కసారి ఖంగుమంది. ఆ ఒక్క చప్పుడుకే కింద అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నమేస్త్రి మెట్టు మెట్టూ దిగి నేల మీద కాలు పెట్టగానే తల్లి ఆ పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. వెంటనే దగ్గరికి లాక్కుని తల మీద గడ్డం ఆనించుకుంది. ఒరుసుకుపోయిన ఆవిడ అరచేతులు చూసి పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవకే. మందు రాస్తే పోతుంది." భర్త దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. "కోపం ఇంకా పోలేదు," అంది.

"పోనక్కర్లేదు. కోపంతోనే ఆయన దగ్గరికి వెళ్లు. నేనూ అలాగే వెళ్లేవాణ్ణి, నీకు చెప్పలేదంతే." ఆవిడ చేతుల్ని తిప్పి చూసి, తన పెదాలకి ఆనించుకున్నాడు.

పాస్టరుగారు దగ్గరికొచ్చారు. "అమ్మా, రేపు సాక్ష్యం..."

"రేపటి సంగతి రేపు చూద్దామండి. ముందు నేనూ ఆయనా మాట్లాడుకోవాలి." కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. చర్చి తలుపు తోసుకుని ఒక్కతే లోపలికి వెళ్లింది.

కాసేపటికి లోపల మెల్లగా ఆవిడ గొంతు మొదలైంది. అడుగుతోంది, దెబ్బలాడుతోంది, మధ్యలో ఏడుస్తోంది, మళ్లీ అందుకుంటోంది. ఆవరణలో జనం ఒక్కొక్కళ్లే ఇళ్లకి బయల్దేరారు.

మామయ్య ఒంటికంటిన మట్టి దులుపుకుంటూ బావ పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. "ఎంతసేపు పడుతుంది బావా?"

"రెండేళ్ల కబుర్లు కదరా," అన్నాడు మేస్త్రి. "చెప్పుకోనీ."

చిన్నమేస్త్రి బెల్టు విప్పి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. ముగ్గురూ ఆవిడ కోసం అక్కడే ఉండిపోయారు.