నా పేరు పక్కన టిక్కు

"ఓ అన్నా! అది చింపకుండ్రి!"

ఒక చేత్తో పాత కాగితాలు పడేసే నీలం డబ్బా మూత ఎత్తి, రెండో చేత్తో సగం చింపిన కవరు పట్టుకున్న నేను అలాగే ఆగిపోయాను. అది 2020 ఆగస్టు. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ట్రైన్‌లో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మా చిన్న ఊళ్ళో, ఆ కరోనా రోజుల్లో, మనిషి గొంతు వినపడటమే గొప్ప. అందులోనూ తెలుగు! ఇయర్‌ఫోన్‌లో అమ్మ "ఎవర్రా ఆ పిల్ల?" అంటోంది. అమ్మలకు ఇలాంటివి ఎంత దూరమైనా వినిపిస్తాయి.

"మళ్ళీ చేస్తానమ్మా" అని ఫోన్ పెట్టేశాను.

పసుపు రంగు రెయిన్‌కోటు, భుజాన కాగితాల సంచి. మాస్క్ పైన రెండు కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. రెండూ కోపంగానే ఉన్నాయి.

"ఫోన్ల తెలుగు మాట్లాడుతుంటే ఇన్న. గదేందో తెల్సా మీకు?"

"ఏదో ఫైన్ అనుకున్నానండి. కాకపోతే యాడ్."

"ఫైన్ అయితే చింపుతరా?"

కవరు మీద అరగజం పొడుగు జర్మన్ మాట ఉంటే నాకు అర్థమయ్యేది ఫైన్ ఒక్కటే అని చెప్పడానికి మొహమాటమేసింది.

"అది మీ ఓటు" అంది.

నాకు నవ్వొచ్చింది. "మనకి ఇక్కడ ఓటేంటండీ? నాది బ్లూ కార్డు, ఉద్యోగం వీసా."

"చాన్సలర్‌ను ఎన్నుకునే ఓటు కాదు. ఊళ్ళ విదేశీయుల కౌన్సిల్ ఉంటది. మన అసొంటోళ్ళ తరఫున మున్సిపాలిటీల అడుగుతరు. ఏడాది నుంచి జర్మనీల ఉన్నోళ్ళకు ఓటుంటది. వచ్చే నెల పదమూడు. ఆ సంగతి తెల్వక సగం మంది ఇట్లనే డబ్బాల ఏస్తున్నరు."

సంచిలోంచి టేపు తీసి, నా చేతిలో కవరు లాక్కుని అతికించడం మొదలుపెట్టింది. టేపు కూడా పెట్టుకుని తిరుగుతోందంటే చింపినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాదన్నమాట.

కవరుతోపాటు ఒక పాంప్లెట్ ఇచ్చింది. స్టూడెంట్స్ అందరూ కలిసి నాలుగు భాషల్లో వేశారట. తెలుగు మాత్రం పెన్నుతో రాసి ఉంది: "ఓటేసే ముందు మీకన్న తక్కువున్నోళ్ళను ఒక్కసారి యాది చేసుకోండి."

"పేరు?" అంది, అతికించిన కవరు మీద చూస్తూ. "దశరథ్?"

"అవునండి. మీ పేరు?"

కాస్త ఆలోచించింది. "కౌసల్య. నవ్వితే మర్యాద ఉండదు."

నేను నవ్వలేదు. నవ్వకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

"ఇంకో ఇద్దరు ఉన్నరా మీకు?" అని తనే నవ్వింది. కళ్ళలో కోపం పోతే అవి చాలా పెద్ద కళ్ళని అప్పుడు గమనించాను.

కౌసల్యది జగిత్యాల. మాస్టర్స్ రెండో సంవత్సరం. వారంలో మూడు రోజులు గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దేది. ఆ తర్వాత సాయంత్రాలు రైన్ నది గట్టు మీద నడిచేవాళ్ళం, మధ్యలో మీటరున్నర దూరం. ఆ దూరం పాటించమన్న ప్రభుత్వాన్ని నేను మనసులో చాలాసార్లు తిట్టుకున్నాను. మొదటి రోజు అన్న 'అన్నా' రెండో రోజుకే మాయమైంది. నాలుగో రోజుకు 'మీరు' కూడా పోయింది.

"ఆ కౌన్సిల్‌కి పవర్ ఏముంటుంది?" అని ఒకసారి అడిగాను.

"పవర్ లేకపోవచ్చు. అడిగే నోరన్న ఉంటది." అంది. "మా రూమ్మేట్ భావన లేదూ, దాని వీసా కార్డు డేట్ అయిపోయింది. ఆఫీసు బంద్. మెయిల్ పెడితే జవాబు లేదు. టెర్మిన్, గదే అపాయింట్‌మెంట్, దొరకలే. కార్డు లేదని దుకాణంల పార్ట్‌టైమ్ జాబ్‌ల కెళ్ళి తీసేసిండ్రు. నీకు టెర్మిన్ ఎట్ల దొరికింది?"

"మా హెచ్చార్ వాళ్ళు చూసుకున్నారు. వారంలో వచ్చేసింది."

ఈ రోజు ఎండ బాగుంది అన్నంత తేలిగ్గా అన్నానా మాట. గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పదమూడున పోతవా మరి?" అంది.

"పోతాను. మాటిస్తున్నాను."

"పేరు దశరథ్. మాట తప్పవద్దు."

పదమూడో తారీఖు ఆదివారం. ఎండ కాసింది. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి నా ఫ్రెండ్స్ శశికాంత్, జితేంద్ర వచ్చారు. నది ఒడ్డున గ్రిల్ పెట్టాం. సాయంత్రం ఐదుంబావుకి టైమ్ చూశాను. ఓటింగ్ ఆరింటిదాకా. పోలింగ్ జరిగే స్కూలు సైకిల్ మీద పది నిమిషాలు. కవరు జేబులోనే ఉంది.

"ఎక్కడికిరా? చికెన్ రెండో వైపు కాలుతోంది" అన్నాడు శశికాంత్.

కూర్చున్నాను. నా ఒక్కడి ఓటుతో ఏమవుతుందిలే అనుకున్నాను. ఆరున్నరకి కౌసల్యకి మెసేజ్ పెట్టాను: "వేసేశా!" పక్కన బొటనవేలు బొమ్మ కూడా.

కాసేపటికి జవాబొచ్చింది. "సరే. రేపు ఆరింటికి బేకరీ కాడ కలుద్దాం."

మర్నాడు బేకరీ బయట బెంచీ మీద చెరో చివర కూర్చున్నాం. అడక్కముందే నేను మొదలుపెట్టాను. అబద్ధం ఆడేవాడికి ఉండే హుషారు నిజం చెప్పేవాడికి ఉండదు.

"అబ్బో, ఎంత క్యూ అనుకున్నావ్! అందరూ మాస్కులు. పెన్ను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలట. నేను మర్చిపోతే ఒక జర్మన్ పెద్దాయన తనది ఇచ్చాడు పాపం."

"అవునా?" అంది కౌసల్య, బ్రెడ్ తుంచుకుంటూ. "ఏ రూమ్‌ల?"

"గ్రౌండ్ ఫ్లోర్‌లో."

"లిస్టు కాడ ఎవరు కూసున్నరు?"

"ఎవరో అమ్మాయి. మాస్క్ ఉంది, సరిగ్గా చూళ్ళేదు."

"ఆ అమ్మాయిని నేనే."

కాఫీ కప్పు బెంచీ మీద పెట్టేశాను.

"శనివారం సాయంత్రం ఫోన్ చేసిండ్రు. అక్కడ కూసోవాల్సినామె క్వారంటైన్ల పడ్డదట. నువ్వు వచ్చి చూసి ఆశ్చర్యపోవాలని నీకు చెప్పలే. నీ పేరు పదకొండో పేజీల మధ్యల ఉంది. ఎవరు తలుపు తీసినా నువ్వేనేమో అనుకున్న. నీ పేరు పక్కన టిక్కు పెట్టనీకి ఆరింటిదాక పెన్ను పట్టుకొని కూసున్న దశరథ్."

తలెత్తలేకపోయాను. బెంచీ కింద పావురం ఒకటి బ్రెడ్ ముక్క ఏరుకుంటోంది. దానివైపే చూస్తూ కూర్చున్నాను.

"మర్చిపోయినవా?"

అవునంటే సరిపోయేది. కానీ ఇంకో అబద్ధం నోట్లోంచి రాలేదు. "లేదు. గుర్తుంది. కవరు జేబులోనే ఉంది. సైకిల్ తొక్కబుద్ధి కాలేదు."

"గదే. నీకు అవసరం లేదు. అవసరం లేనోళ్ళు పోరు. అవసరం ఉన్నోళ్ళకు ఓటున్నదనే తెల్వది. ఇగ భావన గురించి ఎవరడుగుతరు?" ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "నువ్వు పోకపోతే కొట్లాడి ఊకునేదాన్ని. పెన్నిచ్చిన పెద్దాయన్ని ఎందుకు పుట్టించినవ్?"

లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను పంపిన సారీలన్నిటికీ రెండు నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు రాలేదు.

చలికాలంలో భావన చదువు మధ్యలో ఆపేసి ఇండియా వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు. నేను ఓటేసి ఉంటే ఆగేదా? ఆగేది కాదని నాకూ తెలుసు. అయినా ఆ రోజు అన్నం సహించలేదు.

ఏడాది గడిచింది. 2021 సెప్టెంబరు. దేశమంతటికీ ఎన్నికలు. ఈసారి నాకు నిజంగానే ఓటు లేదు.

మా టీమ్ లీడ్ భాస్కర్ రావు గారికి ఉంది. నాలుగేళ్ళ కిందటే ఆయనా, భార్య శారదాదేవి గారూ జర్మన్ పాస్‌పోర్ట్ తీసుకున్నారు. నెల మొదట్లో ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. ఫ్రిజ్ మీద, మాగ్నెట్ కింద, అదే అరగజం మాట ఉన్న కవర్లు రెండు.

"ఓటుకి వెళ్తున్నారా సార్?" అన్నాను.

"ఎందుకయ్యా? ఇల్లుంది, కారుంది, ఉద్యోగముంది. మనకేం తక్కువ? ఎవడొస్తే మనకేంటి?"

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చినా, గొంతు నాదే అనిపించింది. ముఖం వేడెక్కింది. అప్పుడు చెప్పాను. పసుపు రెయిన్‌కోటు, కవరు, చికెన్, మెసేజ్, పెన్నిచ్చిన పెద్దాయన, ఆరింటిదాకా కూర్చున్న అమ్మాయి, భావన, వారంలో వచ్చిన నా టెర్మిన్. ఒక్కటీ దాచలేదు.

పెన్నిచ్చిన పెద్దాయన మాట వచ్చినప్పుడు భాస్కర్ రావు గారు పగలబడి నవ్వారు. శారదాదేవి గారు పప్పు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"మీరు నవ్వకండి. ఎవరైనా అడిగితే మీరూ ఇలాగే ఏదో పుట్టిస్తారు" అన్నారావిడ. కవర్లు రెండూ మాగ్నెట్ కింద నుంచి తీసి టేబుల్ మీద పెట్టారు. తర్వాత నావైపు తిరిగి, "ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది బాబూ?" అని అడిగారు.

"ఈ ఊళ్ళోనే. ఉద్యోగం వచ్చిందని విన్నాను. నాతో మాట్లాడదండి."

"ఎందుకు మాట్లాడుతుంది?" అన్నారావిడ, నా కంచంలో ఇంకాస్త పప్పు వేస్తూ.

ఆ నెలలో పాస్‌పోర్ట్ ఉన్న ఇంకో ఆరిళ్ళకి వెళ్ళాను. ప్రతి ఇంట్లోనూ నా పరువు నేనే తీసుకున్నాను. మొదట నవ్వేవాళ్ళు. తర్వాత కవరు ఎక్కడ పెట్టామా అని వెతుక్కునేవాళ్ళు. ఒక ఇంట్లో ఆరేళ్ళ పాప నావైపు వేలు చూపించి "లూగ్నర్!" అంది. అబద్ధాలకోరు అని. వాళ్ళమ్మ తిట్టబోతే నేనే ఆపాను. పిల్ల చెప్పింది నిజమే కదా.

ఓటింగ్ రోజు మధ్యాహ్నం సన్నటి వాన. శారదాదేవి గారు పట్టుచీర కట్టుకుని మరీ బయల్దేరారు. ఆ రోజుకి నాది డ్రైవర్ ఉద్యోగం. అదే స్కూలు. వాళ్ళిద్దరినీ లోపలికి పంపి, గొడుగు పట్టుకుని ఆవరణలో నిలబడ్డాను.

పసుపు రంగు రెయిన్‌కోటు కనిపించింది.

గేటు పక్కన చెట్టు కింద కౌసల్య చంటిపిల్ల బండి ఊపుతూ నిలబడి ఉంది. నన్ను చూసి బండి ఊపడం ఆపేసింది.

"నీకు ఓటు లేదు గదా" అంది.

"నీకూ లేదుగా."

"పక్కింటామె బిడ్డ. ఆమెకు ఈ ఏడే పాస్‌పోర్ట్ వచ్చింది. మూడు ఆఫీసులు ఊడుస్తది. బండితోటి ఇబ్బందైతదని రానంటే, నేను పట్టుకుంట పా అన్న."

గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. ఏడాదిగా తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

అంతలో శారదాదేవి గారు భర్తతో బయటికొచ్చారు. మమ్మల్నిద్దరినీ చూశారు. రెయిన్‌కోటు చూశారు. ఆవిడకి ఎవరూ పరిచయం చెయ్యనక్కర్లేకపోయింది.

"పెన్ను పట్టుకుని కూర్చున్న పిల్లవి నువ్వేనా అమ్మా?"

కౌసల్య నావైపు చూసింది. "అందరికీ చెప్తున్నవా?"

"ఏడిళ్ళలో చెప్పాను" అన్నాను.

"మంచిగ చెప్తున్నవా, చెడ్డగనా?"

"నిన్ను మంచిగా. నన్ను ఉన్నదున్నట్టుగా."

"ఉన్నదున్నట్టే చెప్పాడమ్మా, విన్నాక మా ఆయనకే నిద్ర పట్టలేదు" అన్నారు శారదాదేవి గారు. "కోపం ఉంచుకో, పర్లేదు. ఉంచుకునే ఒకరోజు ఇద్దరూ కలిసి మా ఇంటికి భోజనానికి రండి." భాస్కర్ రావు గారి చెయ్యి పట్టుకుని కారు వైపు నడిపించుకుపోయారు.

బండిలో పిల్ల కదిలింది. కౌసల్య వంగి దుప్పటి సరిచేసింది.

"నువ్వంటే చాలా ఇష్టం కౌసల్యా" అన్నాను, ఆమె ముఖం కనిపించనప్పుడే. "ఆ రోజు బెంచీ మీద కూడా ఇష్టమే. అందుకే నీ ముందు అంత చిన్నవాణ్ణయిపోయాను. సారీ."

చాలాసేపు దుప్పటే సర్దింది. సర్దడానికి అందులో ఏమీ మిగల్లేదు.

"మళ్ళ మన ఓటు ఎప్పుడో తెల్సా?" అంది చివరికి.

"రెండువేల ఇరవై ఐదు. సెప్టెంబరు." ఈ ఒక్కటీ నాకు కంఠతా వచ్చు. "ఈసారి పొద్దున్న ఎనిమిదింటికే వస్తాను. మాటి..."

"మాటియ్యకు!" నిటారుగా నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి, అది వాన కాదు. "వచ్చినప్పుడు చూస్త. టిక్కు అప్పుడే పెడత."

"ఇంకా నాలుగేళ్ళు ఆగాలా?"

"తప్పు చేసింది నువ్వు గాదా? ఆగు."

"సరే" అన్నాను.

కౌసల్య బండితో సహా నావైపు రెండడుగులు జరిగింది.

"ఆగినంతసేపు," అంది, "ఆ గొడుగు జర నా దిక్కు పట్టు."