గంధకం కలపని వైన్

అడిగినవాళ్లకు సరుకు ఇవ్వనని నేను మొండికేసింది జీవితంలో ఒక్కసారే. అడిగింది కాత్యాయని. ఆమెకు కావలసింది ఒకే ఒక్క గ్లాసు.

అది తొంభై ఒకటో సంవత్సరం. సిడ్నీలో షాపులు వరసగా మూతపడుతున్న కాలం. కెల్లీవిల్‌లో డాక్టర్ వాసుదేవరావు అంకుల్ పెరట్లో ఆదివారం బార్బీ, అంటే బార్బెక్యూ విందు, జరుగుతోంది. అందరికీ అది బార్బీ. నాకు మాత్రం సంత. తెనాలిలో మా నాన్న మినుముల వ్యాపారి. నేను ఇక్కడ ఇండియన్ షాపులకు పప్పులు, పచ్చళ్లు వేసేవాణ్ణి. కొత్తగా ఫ్రాన్స్ నుంచి ఎర్ర వైన్ తెప్పించాను. ఉన్నదంతా అందులోనే పెట్టాను. అందుకే పైకి ఎంత నవ్వుతున్నా లోపల గుబులుగానే ఉంది.

"అంకుల్, ఇది బయోడైనమిక్ వైన్," అంటూ మొదలుపెట్టాను. "దెల్మా అని ఒక చిన్న కుటుంబం. ముసలాయన, కొడుకు, కోడలు, అంతే. తోటకి పురుగుమందు కొట్టరు, ఎరువు బస్తా తెరవరు. ఆవు కొమ్ములో పేడ కూరి చలికాలమంతా భూమిలో పాతిపెడతారు. ఎండలు రాగానే తవ్వి తీసి, నీళ్లలో చిలికి తోటంతా చల్లుతారు. చంద్రుణ్ణి చూసి గాని తీగ కత్తిరించరు."

"ఆవా!" అంకుల్ కళ్లు మెరిశాయి. "ఫ్రెంచివాడు గోసేవ చేస్తున్నాడన్నమాట! నాకో కార్టన్ పడెయ్యవోయ్. మీ ఆంటీ అడిగితే తీర్థం అని చెబుతా."

"ఇంతకీ మీరు అమ్మేది వైనా, పేడా?"

వెనక్కి తిరిగాను. ఒక అమ్మాయి. చేతిలో మొక్కజొన్న పొత్తుల పళ్లెం, కళ్లలో నవ్వు. అంకుల్ పరిచయం చేశారు. "మా మేనకోడలు కాత్యాయని. నార్త్ రైడ్‌లో ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పని. జాగ్రత్త, దీనికి అబద్ధం వాసనొస్తుంది."

"అబద్ధం ఎక్కడుందండీ? ఇందులో ఏదీ కలపలేదు. గంధకం కూడా."

ఆమె నవ్వు ఆగిపోయింది. పళ్లెం బల్ల మీద పెట్టింది.

"టూ ట్వంటీ లేదా? వైన్ పాడవకుండా కలిపే గంధకం ప్రిజర్వేటివ్?"

"లేదు."

"మీకెలా తెలుసు?"

"దెల్మా చెప్పాడు."

"ఆయన చెప్పాడని మీరు నమ్మారు. మీరు చెప్పారని మేం నమ్మాలి. బాగుంది. సరే, ఒక గ్లాసు పొయ్యండి."

సీసా వంచబోతుంటే అంకుల్ నా మణికట్టు పట్టుకున్నారు. "ఏయ్, ఆగు! దానికి ఆస్తమా. గంధకం పడదు. పోయినేడు ఎవరి పెళ్లిలోనో ఒక గుక్క తాగి ఎమర్జెన్సీలో తేలింది."

"మావయ్యా, ఈయన లేదంటున్నారుగా. ఏమండీ, లేదా?"

ఉదయం నుంచి అదే మాట చాలామందికి చెప్పాను. ఆమె ముందు మాత్రం సీసా వెనక్కి లాక్కుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకున్నాను. పెరడంతా గొల్లుమంది. కాత్యాయని ఒక్కతే నవ్వలేదు.

"మీ మాట మీద మీకే నమ్మకం లేదన్నమాట," అంది నెమ్మదిగా. "రెస్టారెంట్లకి కూడా వేస్తున్నారా?"

"వేస్తున్నాను."

"అక్కడ నాలాంటి వాళ్లు తాగితే?"

పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

వ్యాపారంలో మాట మీదే సరుకు నడుస్తుంది. అంతకుముందు పారిస్‌లో జరిగిన ఒక తిండి సరుకుల ఎగ్జిబిషన్‌కి ఆవకాయ అమ్ముకుందామని వెళ్లాను. ఒక్కడూ కొనలేదు. పక్క స్టాల్ దెల్మాది. ఆయన దగ్గరా ఒక్కడూ కొనలేదు. సాయంత్రం ఆయన నా ఆవకాయ తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను ఆయన వైన్ తాగాను. తర్వాత వాళ్ల ఊరు తీసుకెళ్లి తోట, కొమ్ములు, నేలమాళిగలో పీపాలు అన్నీ చూపించాడు. ఏమీ కలపం అని కోడలు ఇంగ్లీషులో చెప్పింది. ముసలాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నాకది చాలనిపించింది.

ఆ చెయ్యి కాత్యాయనికి చాల్తుందా? ఆ రాత్రంతా ఇలా ఆలోచించిన ప్రతిసారీ పెళ్లిలో ఊపిరందక కుర్చీ పట్టుకున్న అమ్మాయి కళ్ల ముందు కనిపించేది. నేను చూడని దృశ్యమే నన్ను అంత భయపెట్టింది.

మర్నాడే రెస్టారెంట్లకు ఫోన్లు చేసి, ఇచ్చిన సీసాలు పక్కన పెట్టించాను. కొత్త ఆర్డర్లు ఆపేశాను. కోటు కింద ఒక సీసా దాచుకుని, వానలో నార్త్ రైడ్ ల్యాబ్‌కి వెళ్లాను.

కౌంటర్ వెనక తెల్లకోటులో ఆమే ఉంది. నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది.

"కస్టమర్ పేరు?"

"ద్వారకానాథ్."

"సరుకు?"

"ఎర్ర వైన్. మీ భాషలో పేడ."

పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "కంప్లైంట్ ఎవరి మీద?"

"మీ మీదేనండీ. మీరు అడిగినప్పటినుంచీ నిద్రపట్టట్లేదు."

"దానికి మేం టెస్టులు చెయ్యం. మావయ్యని అడగండి, మాత్రలు రాస్తారు." సీసాకి చీటీ అంటించింది. "రిజల్ట్‌కి వారం పడుతుంది. ఈలోగా అమ్ముకుంటారా?"

"ఆపేశాను."

"అన్నీనా? నిజంగా?"

"అన్నీ."

చీటీ మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూసింది. పెరట్లో చూసిన చూపు కాదిది. ఎదుటి వ్యాపారి ధర తగ్గించే ముందు ఒక్క క్షణం అలా చూస్తాడు. అది పోల్చుకోవడం నాకు అలవాటే.

ఆ వారంలో ఏదో వంకతో రెండుమూడుసార్లు అటు వెళ్లాను. ఒకరోజు ఆమె పని ముగించుకుని వస్తుంటే వాన పట్టుకుంది. ఇద్దరికీ కలిపి నా గొడుగొక్కటే. స్టేషన్‌కి పోయే బస్సు కోసం షెల్టర్ కింద నిలబడ్డాం.

"చలిగాలి. మఫ్లర్ చుట్టుకోండి," అన్నాను.

"మీరూ మొదలెట్టారా?" విసుక్కుంది. "నాకు ఆరేళ్లప్పటినుంచీ ఇదే పాట. పరిగెత్తకు, మంచులో తిరక్కు, పువ్వులు వాసన చూడకు. బెజవాడలో పెళ్లిచూపులకొచ్చినవాళ్లు నా పఫర్, అదే ఇన్‌హేలర్, చూసి కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచారు. ఒకాయనైతే నన్నడగలేదు, మా నాన్నని అడిగాడు: పిల్ల ఎన్నాళ్లుంటుందండీ అని."

నేను గొడుగు ముడిచి నీళ్లు దులిపాను.

"నాకోసం భయపడేవాళ్లు నాకు బోలెడుమంది, ద్వారకానాథ్‌గారూ. ఇంకొకరు అక్కర్లేదు."

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చుని కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచింది. అద్దం వెనక నవ్విందో లేదో వానలో తెలియలేదు. నేను మాత్రం షెల్టర్ బయటికొచ్చి, గొడుగు మరిచి తడుస్తూ నిలబడిపోయాను. ఆమెకి అక్కర్లేని ఆ సరుకు, భయం, నా దగ్గర అప్పటికే గోడౌన్ నిండా ఉంది.

రిజల్ట్ రోజు ఫోన్ మోగితే రిసీవర్ ఎత్తడానికి చెయ్యి రాలేదు. గంధకం ఉందంటే దెల్మా మాట అబద్ధం. నా మాటా అబద్ధం. ఇక ఆ అమ్మాయికి ముఖం చూపించలేను. ఆ మూడోదే ఎక్కువ భయపెట్టిందని అప్పుడు అర్థమైంది.

"ఉంది," అంది కాత్యాయని.

కుర్చీలో కూలబడ్డాను.

"హలో? పూర్తిగా వినండి. ఉంది, కానీ చాలా కొంచెం. రసం పులిసేటప్పుడు దానంతటదే పుట్టేంత. ఎవరూ కలపలేదు. మీ ముసలాయన నిజమే చెప్పాడు."

"థాంక్సండీ," అన్నాను. ఏడుపొస్తోంది.

"థాంక్స్ ఎందుకు? ఆదివారం మావయ్య ఇంటికి రండి. ఒక సీసా తెచ్చి, నా గ్లాసు నాకు పొయ్యండి."

"పొయ్యను."

"అదేంటి? టెస్టయిందిగా!"

"ఆ సీసాకైంది. పక్క సీసాలో ఏముందో?"

"అన్నీ ఒకే పీపాలోవి. అలాగే ఊరికంతా అమ్ముతారుగా?"

"అమ్ముతాను. అందరికీ ఒక్క సీసా టెస్టు చాలు. మీ విషయానికొస్తే ప్రతి సీసా టెస్టు చెయ్యాలనిపిస్తోంది."

"ప్రతి సీసా తెరిస్తే అమ్ముకోడానికేం మిగులుతుంది?"

"ఏమీ మిగలదు."

"తెలిసే అంటున్నారా?"

"తెలిసే."

ఫోన్‌లో ఆమె ఊపిరి వినిపిస్తోంది. అది సరిగ్గా ఉందా లేదా అని చెవి రిక్కించి వింటున్నాను. ఇకమీదట నా పని ఇదే కాబోలు అనుకున్నాను.

"కాత్యాయనిగారూ, మీకు భయపడేవాళ్లు అక్కర్లేదన్నారు. నేను చాలా భయపడుతున్నాను. అయినా అడుగుతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"జవాబు ఆదివారం చెబుతా. భయం మీ ఇష్టం, పడండి. గ్లాసు మాత్రం లాక్కోకండి."

టప్పున ఫోన్ పెట్టేసింది.

ఆదివారం వెళ్లేసరికి ఇల్లు ఇల్లులా లేదు, ఆసుపత్రిలా ఉంది. సోఫా పక్కన ఆస్తమా మందు పట్టే నెబ్యులైజర్ ప్లగ్గులో పెట్టి ఉంది. అంకుల్ స్టెతస్కోపు మెడలో వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. జయశ్రీ ఆంటీ దేవుడి గదిలోంచి కదలట్లేదు. "ఏడుకొండలవాడా, మిగతా ఆడపిల్లలు చీరలడుగుతారు, ఇదేంటయ్యా వైన్ అడుగుతోంది!"

"ఒక గుక్క. అంతే," అన్నారు అంకుల్. "ఏ కొంచెం తేడా అనిపించినా..."

"తెలుసు మావయ్యా."

కాత్యాయని నాకు ఎదురుగా కూర్చుంది. మఫ్లర్ లేదు. నేను కార్కు తీసి రెండు గ్లాసుల్లో పోశాను. ఆమె గ్లాసు అడుగు తడిసేంతే పోశాను.

"ఇది దోమకి పోశారా?" అంది.

ముందు నేను తాగాలి. ఏదన్నా ఉంటే ముందు నాకే కావాలి. దానివల్ల ఆమెకి ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా నా గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాను. కింద పెట్టాను.

ఆమె చెయ్యి చాచింది. తన గ్లాసు దాటి వచ్చి, నా గ్లాసు అందుకుంది. నేను పెదవి ఆనించిన వైపుకే తిప్పుకుని ఒక గుక్క మింగింది.

ఎవరూ కదల్లేదు. బయట వాన. అంకుల్ ఆమె వీపు మీద స్టెతస్కోపు ఆనించి కళ్లు మూసుకున్నారు. నేను ఆమె గొంతు వైపే చూస్తున్నాను. గ్లాసు లాక్కోకూడదని చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె ఖళ్లున దగ్గింది.

ఆంటీ కెవ్వుమంది. అంకుల్ నెబ్యులైజర్ మాస్క్ లాగారు. నేను లేచి నిలబడ్డానుగానీ ఎటు వెళ్లాలో తెలియలేదు. ఆమె చెయ్యి ఊపింది, ఆగమని.

"వగరు!" అంది, కళ్లు తుడుచుకుంటూ. "గొంతు పట్టేసింది. ఛీ, దీనికా ఇంత గొడవ? మీ ఆవకాయే నయం."

అంకుల్ మళ్లీ స్టెతస్కోపు ఆనించారు. ఇంకాసేపు అందరం ఆయన ముఖం చూస్తూ ఉన్నాం. గోడ గడియారం చప్పుడు, వాన చప్పుడు. చివరికి ఆయన చెవుల్లోంచి తీసి మెడలో వేసుకున్నారు.

"క్లియర్," అన్నారు.

ఆంటీ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, గ్లాసులు చూసి ఆగిపోయింది. ఒకటి బల్ల మీద పోసింది పోసినట్టే ఉంది. రెండోది కాత్యాయని చేతిలో ఉంది.

"ఏమేవ్! అది ఆ అబ్బాయి ఎంగిలి గ్లాసు!"

"తెలుసు అత్తయ్యా."

ఆంటీ నన్ను చూసింది. మేనకోడల్ని చూసింది. ఫోన్ దగ్గరికి నడిచి, రిసీవర్ తీసి అంకుల్ చేతిలో పెట్టింది.

"బెజవాడ కలపండి."

"మా అక్కతో ఏం చెప్పనే? పిల్ల వైన్ తాగిందనా, మొగుణ్ణి చూసుకుందనా?"

"ముందు మొగుడి సంగతి చెప్పండి," అంది ఆంటీ. "వైన్ సంగతి మనవలు పుట్టాక చెబుదాం."

అంకుల్ నంబరు తిప్పుతున్నారు. కాత్యాయని నా గ్లాసు నాకు తిరిగిచ్చింది. అందుకుంటుంటే వైన్ నా చొక్కా మీద ఒలికింది.

"ఇంకా భయమేనా?" అని గుసగుసగా అడిగింది.

అవునన్నాను. ఆమె జరిగి నా పక్కన కూర్చుంది.