నీలవేణి మొదటి ఆల్బంలో వాన

"పాట ఎందుకు మార్చినావప్పా?"

వెనక సీటులోంచి వచ్చింది ఆ గొంతు. బత్తలపల్లె నుంచి అనంతపురం పోయే పొద్దుటి బస్సు. ఆ రోజు హెడ్‌ఫోన్స్ ఇంట్లో మరిచిపోయి, ఫోను స్పీకరులోనే నా మటుకు నేను సన్నగా పాటలు పెట్టుకున్నాను. నచ్చని పాట వస్తే దాటేశాను. నా ఫోను, నా వేలు. మధ్యలో ఈమె ఎవరు?

తిరిగి చూశాను. తెల్ల చుడీదారు, ఒళ్లో టిఫిన్ బ్యాగు, మెడలో ఆస్పత్రి ఐడీ కార్డు. ముక్కు మీద కోపం. ఆ కోపం వెనకాల నవ్వు కూడా దాక్కుని ఉందేమోనని అనుమానం వచ్చింది కానీ, అడిగే ధైర్యం లేదు.

"నచ్చలే. మార్చినా."

"నీలవేణి పాట నచ్చలేదా? చెవులుండాయా నీకు?"

నన్ను ఏమన్నా పడతాను గానీ చెవులను అంటే ఊరుకోను. అనంతపురంలో ఒక చిన్న రికార్డింగ్ రూములో నా ఉద్యోగం. చర్చి పాటలు, ఎలక్షన్ పాటలు, పెళ్లి వీడియోల పాటలు, ఏవైనా సరే నా చెవుల్లోంచి పోయాకే జనం చెవుల్లోకి పోతాయి.

"చెవులతోనే బతుకుతాండా మేడం. ఆ పాట రెండో ఆల్బంలోది. రెండో ఆల్బం నేను వినను."

"రెండోది వినకుండా నీలవేణిని విన్నట్టు చెప్పుకుంటాండావా!" అంది ఆమె, పక్కనున్న ముసలాయనతో సహా అందరికీ వినపడేటట్టు.

నీలవేణి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. కంబదూరు దగ్గర పల్లెలో శెనక్కాయ చేలల్లో కలుపు తీస్తూ పాడిన మనిషి ఆమె. బెంగుళూరు పోయి, శాక్సఫోన్ ఊదేవాళ్లతో, మనిషెత్తు వయొలిన్‌లాంటి బాస్ వాయించేవాళ్లతో జత కట్టి, మన కలుపు పాటలనూ జాజ్‌నూ ఒకే కుండలో వండింది. మాటలు తనే రాసుకుంది, బాణీ తనే కట్టుకుంది. మూడే ఆల్బంలు చేసింది. 'పొడినేల', 'కంటోన్మెంట్ స్టేషన్', 'గాలిమర'. ఆ తర్వాత ఎందుకో పాడటం మానేసింది. మా జిల్లాలో సగం మంది నీలవేణి ఎవరని అడుగుతారు. మిగతా సగం మంది ఏ ఆల్బం గొప్పదని కొట్టుకుంటారు. నాది 'పొడినేల' పార్టీ. ఆమెది 'కంటోన్మెంట్ స్టేషన్'. 'గాలిమర' బాగాలేదన్న ఒక్క విషయంలో ఇద్దరికీ పొత్తు కుదిరింది.

ఆమె పేరు గౌతమి. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఆ మరుసటి రోజు నుంచి నేను రోజూ హెడ్‌ఫోన్స్ మరిచిపోవడం మొదలుపెట్టాను.

"పొడినేలలో ఏముండాది? ఒక అరుపు, ఎనకాల ఒక డప్పు," అనేది.

"అదే గదా ఉండాల్సింది! మీ స్టేషన్ ఆల్బంలో ఆ శాక్సఫోన్ ఆయప్ప ఊదతానే ఉంటాడు. నీలవేణిని పాడనీడు."

"పాడనీకపోవడం కాదప్పా అది. ఆయప్ప వింటాండాడు. ఆమె ఒక మాట అంటాది, ఆయప్ప శాక్సఫోన్‌తో ఊ కొడతాడు. ఇంకో మాట అంటాది, మళ్లా ఊ కొడతాడు. ఆడది చెప్తాంటే అట్ల ఊ కొట్టే మగోన్ని నువ్వు యాడన్నా చూసినావా?"

మా బస్సు కండక్టరు ఎర్రన్న అందుకుని, "నేను మా ఇంట్లో ఊ కొడతానే ఉంటా, నాకేమన్నా ఆల్బం తీస్తారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. గౌతమి నవ్వు అందరికంటే ఆలస్యంగా మొదలై అందరికంటే ఆలస్యంగా ఆగింది. నేను ఆ నవ్వును లోపల రికార్డు చేసుకున్నాను.

కార్తెలు మారుతున్నాయి, వాన జాడ లేదు. కర్ణాటక వైపు నుంచి నల్లటి మబ్బులు వచ్చేవి, మా ఊళ్ల మీద కాసేపు నిలబడేవి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయేవి. దుక్కులు దున్నిన ఎర్ర చేలు కిటికీ పక్కనుంచి వెనక్కి పోతుండేవి. నేను చేలను చూస్తున్నట్టు నటిస్తూ కిటికీ అద్దంలో గౌతమిని చూస్తుండేవాణ్ణి. అద్దం మీద దుమ్ము ఉండటం వల్ల ఆమె కొంచెం కలలోని మనిషిలాగే కనపడేది.

ఒక రోజు నా ఆఖరి అస్త్రం తీశాను. పొడినేలలో చివరి పాట, 'చినుకు'. అందులో మాటల్లేవు. నీలవేణి సన్నగా కూనిరాగం తీస్తుంటే అడుగున బాస్ మోగుతుంటుంది, వాటి చుట్టూ వాన. మొదట అక్కడొకటి ఇక్కడొకటి, ఆ తర్వాత జడి. పదో తరగతి చదివేటప్పుడు మొదటిసారి విని, నేల వాసన కూడా వచ్చినట్టనిపించి, ఈ సౌండు పనిలోకే రావాలని ఆ రోజే అనుకున్నాను.

"ఆ వాన స్టూడియోలో పుట్టేది కాదు గౌతమీ. దేవుడు పంపిన వాన. కావాలంటే నా చెవులు పందెం కాస్తా."

గౌతమి నా వైపు జాలిగా చూసింది.

"ఐజాక్, ఒకటి చెప్తా. ఏడవద్దు."

"చెప్పు."

"అది వాన కాదు. శెనక్కాయలు."

"ఏందీ?"

"ఆ ఆల్బంలో ఎనకాల పాడే కూలోళ్లలో మా అవ్వ తిమ్మక్క ఒకర్తి. పనికి కంబదూరు దిక్కు పోయినాదంట అప్పుడు. నీలవేణికి చివరి పాటలో వాన కావాల. ఆ ఏడు చుక్క పడలే. రికార్డింగ్ మిషన్లు తెచ్చినోళ్లు తిరిగి పోవాలంటాండారు. అప్పుడు మా అవ్వోళ్లు చాటలతో శెనక్కాయలు ఎత్తి గోడౌను రేకుల మీద పోసినారు. నువ్వు వింటాండేది అది."

నేను ఏడవలేదు. ఇన్నేళ్లూ నేను శెనక్కాయల్లో తడిశానా? మరుసటి రోజు నుంచి డ్రైవరు వెనక సీటులో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఏ పాటా పెట్టుకోకుండా పోసాగాను. పిల్ల చేష్టేనని నాకూ తెలుసు.

కొన్నాళ్లు చూసి గౌతమి వచ్చి నా పక్కన కూర్చుంది. ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ లాగింది.

"నా మీద కోపమా?"

"నీ మీద కాదు. వాన మీద."

"మంచిది. అయితే ఇది కూడా విను. నాకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చినాది. పెద్ద ఆస్పత్రి. ఈ నెలాఖరుకు పోతాండా."

బస్సు పోతూనే ఉంది. నేను మాత్రం ఎక్కడో దిగిపోయినట్టనిపించింది. నోటికి మంచి మాట ఒక్కటి కూడా రాలేదు.

"అందుకేనా నీకు ఆ బెంగుళూరు స్టేషన్ ఆల్బం అంత ఇష్టం?"

"అందుకే," అంది గౌతమి. "ఊరు ఇడిసి పోయే ఆడదానికి మన దగ్గర ఏడుపు పాటలే ఉండాయి. ఏడవకుండా, బ్యాగు తగిలించుకుని, నవ్వతా రైలు దిగిన ఆడదాని పాటలు నీలవేణే పాడినాది. నాకు పోవాలని ఉండాది ఐజాక్. చిన్నప్పటి నుంచి ఉండాది."

ఆమె కళ్లు మెరుస్తున్నాయి. ఆ మెరుపులో నేను లేనని దిగులు వేసింది. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని భయం కూడా వేసింది.

"గౌతమీ, నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. ఎర్రన్న టికెట్లు కొట్టడం ఆపాడు. గౌతమి కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. నీలంగా, శుభ్రంగా, మబ్బు తునక కూడా లేకుండా ఉంది.

"వాన పడిన రోజు చెప్తా," అంది.

"అయిపాయె! ఇంగ నీకు పెండ్లి లేదప్పా," అన్నాడు ఎర్రన్న.

ఆ నెలంతా నేను ఆకాశానికి కాపలా కాశాను. ఫోనులో వాతావరణం చూడటం, చేతికందని మబ్బును తిట్టడం, ఇదే పని. మా చర్చిలో వాన కోసం ప్రార్థన పెట్టారు. నేను అన్నంత గట్టిగా ఆమేన్ ఇంకెవరూ అనలేదు. పాస్టరుగారు కళ్లు తెరిచి మరీ చూశారు. అయినా చినుకు రాలలేదు. రేపు గౌతమి ప్రయాణం అనగా, ఆ మధ్యాహ్నం నా బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. అంగట్లో ఒక మూట శెనక్కాయలు కొని, బండి మీద వేసుకుని వాళ్ల పల్లెకు పోయాను.

తిమ్మక్క అవ్వ ఇంటి పక్క గోడ నీడన కూర్చుని ఆకు నములుతోంది. సంగతంతా విని, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నీలవేణి కూడా ఇట్లే వచ్చి అడిగినాది," అంది. "మూట యాడిది? మా కొడుకు లింగడు దాచిపెట్టుకున్న విత్తనకాయలు ముట్టుకుంటే నీ కాళ్లు ఇరగ్గొడతాడు."

"కొనుక్కొచ్చినా అవ్వా."

"అయితే ఎక్కు గోడ."

గౌతమి వాళ్లది రేకుల ఇల్లు. గోడ మీద నిలబడితే వసారా రేకులు చేతికందుతాయి. పొద్దు వాలుతోంది. పడమటి దిక్కున మబ్బులు కమ్ముకుని ఎప్పటిలాగే మాకు ఆశ పెడుతున్నాయి. లోపల గౌతమి బ్యాగు సర్దుకుంటోందని అవ్వ చెప్పింది. చాట నిండా కాయలు పోసి పైకి అందించింది.

"ఒకేసారి గుమ్మరిచ్చేవు, అది వానెట్లయితాది? ముందర నాలుగు కాయలు వెయ్యి. ఆగు. ఇంట్లో వాళ్లు తల ఎత్తేదాకా ఆగాల. ఇంగ నాలుగు. ఇప్పుడు చాట వంచి మెల్లిగా జారనీ."

టప్. టప్ టప్. ఆ తర్వాత రేకులన్నీ ఒక్కసారిగా మోగాయి. అదే వాన. నేను పదో తరగతిలో విన్న వాన, నా చేతుల్లోంచే కురుస్తోంది.

లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది గౌతమి కాదు. వాళ్ల నాయన లింగన్న. ఒంటి మీద చొక్కా లేదు, భుజాన తుండు సగం జారింది. వాకిట్లోకి వచ్చి, అరచెయ్యి చాపి, మొహం పైకెత్తి, కళ్లు మూసుకున్నాడు.

"గౌతమీ! వానొచ్చినాదే! రా మే, వానొచ్చినాది!"

ఆయన అరచేతిలో ఒక శెనక్కాయ పడింది.

కళ్లు తెరిచి దాన్ని చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. చాట నా చేతిలో బిగుసుకుపోయింది. విత్తడానికి వాన కోసం ఎదురుచూస్తున్న మనిషిని మోసం చేశానని సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎవుడ్రా అది?"

"నేను మామా... ఐజాక్. తప్పయిపాయె. మీ కోసం పోయలే మామా."

"మామనా?"

"అంటే... అన్నా..."

"ఒకసారి మామన్నాక మళ్లా అన్న ఎట్లయితా?"

అప్పటికి గౌతమి గడప మీదికి వచ్చింది. చేతిలో సగం మడిచిన చీర. వాకిలంతా పరుచుకున్న కాయలను, గోడ మీద నన్ను, కింద నవ్వు ఆపుకుంటున్న అవ్వను చూసింది.

"ఇది వాన కాదు ఐజాక్."

"తెలుసు. పొడినేలలోది కూడా కాదు గదా. అయినా ఇన్నేండ్లు దాంట్లో తడిసినా. ఇప్పుడు మీ నాయన కూడా తడవనీకి బయటికొచ్చినాడు."

చాట గోడ మీద పెట్టి మిగతాది కూడా చెప్పాను.

"నిన్ను ఉండమని అడగనీకి రాలే గౌతమీ. నువ్వు పో. నవ్వతా రైలు దిగు. ఆదివారం ఆదివారం నేనొస్తా. ఆ వారమంతా జరిగింది నువ్వు చెప్పు. నేను ఆ శాక్సఫోన్ ఆయప్ప మాదిరి ఊ కొడతా."

గౌతమి చీరతో మొహం సగం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో గోడ మీంచి తెలియలేదు.

"నువ్వు పోవద్దంటావేమోనని భయపడినా," అంది. "అందుకే వాన మీదికి తోసినా. వాన ఎటూ రాదులే అనుకున్నా."

లింగన్న ఆ కాయను పగలగొట్టి నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలాడు. కూతురి మొహం చూశాడు, మా అవ్వ మొహం చూశాడు. మా అవ్వ అని ఎందుకన్నానంటే, అప్పటికే నాకు అట్లా అనిపించింది.

"కాయ బాగుండాది," అన్నాడు. "పెండ్లి సంగతి మీ పాస్టరుతో నేను మాట్లాడతాలే. ముందర దిగి ఈ కాయలన్నీ ఏరు. ఒక్కటి కూడా పోగూడదు."

దిగి ఏరడం మొదలుపెట్టాను. గౌతమి వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఎర్రమన్ను అంటిన కాయ ఒకటి తీసి నా చాటలో వేసింది.

"పొడినేలే గొప్ప ఆల్బం," అంది మెల్లిగా, ఓడిపోయినవాళ్ల గొంతుతో కాదు. "చాలా? జవాబు చెప్పినట్టేనా?"

చాట ఆమె వైపు జరిపాను. ఆమె కాయలు ఏరుతూ చెబుతూ పోయింది. బెంగుళూరు హాస్టలు గురించి, అక్కడ నేర్చుకోవాల్సిన పని గురించి, పెండ్లి ఎప్పుడైతే బాగుంటుందో దాని గురించి, ఆదివారం నేను ఆలస్యంగా వస్తే ఏం చేస్తుందో దాని గురించి. పడమట మబ్బులు ఇంకా పోకుండా మమ్మల్నే చూస్తున్నాయి.

"వింటాండావా?" అంది.

"ఊ," అన్నాను.