ఇరవై ఖాళీ తెరలు

శుక్రవారం ఉదయం ఏడున్నరకు ఖమ్మంలోని డిటెక్టివ్ ఉదయ్ భాస్కర్ ఆఫీసుకు వచ్చిన నజియా, కుర్చీ చూపించినా కూర్చోలేదు. భద్రాచలంలో ఆమెకు కంప్యూటర్ల దుకాణం ఉంది. అది ఉంటుందో పోతుందో సాయంత్రం నాలుగింటికి తేలుతుందని చెప్పింది.

దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఒక ట్రస్టు బడి. ఆ ట్రస్టు బడులన్నిటికీ కలిపి మూడు వందల చిన్న ల్యాప్‌టాపులు కావాలి. పోటీలో ఇద్దరే మిగిలారు. కొత్తగూడెం డీలరు మోతీవి మామూలు రకం. సాఫ్ట్‌వేరంతా లోపలే ఉంటుంది, తెరుచుకోవడానికి రెండు నిమిషాలు, రెండు నెలలకోసారి మెకానిక్కు. నజియావి తేలిక రకం. ఎనిమిది సెకన్లలో తెరుచుకుంటాయి, రాసినదంతా క్లౌడ్‌లోకి పోతుంది, ధర మోతీ వాటిలో మూడింట రెండు వంతులు. ఇద్దరూ చెరో ఇరవై మిషన్లు బడికిచ్చారు. పదిహేను రోజులు వాడి చూసి, ఎవరివి కొనాలో బడి ప్రిన్సిపాల్ ఈ సాయంత్రం నాలుగింటికి చెప్పాలి.

బడిలో సిగ్నల్ లేదు. అందుకని అటెండరు రూప్‌సింగ్ వారానికోసారి నజియా మిషన్లను ఆటోలో వేసుకుని సంతకు తీసుకుపోతాడు. అక్కడ మూతలు తెరిచి పెడితే వారమంతా పిల్లలు రాసింది క్లౌడ్‌కు చేరుతుంది.

"నిన్న సంతల తెరిచి చూస్తే ఇరవైకి ఇరవై ఖాళీ సార్. డబ్బాలకెల్లి అప్పుడే తీసినట్టు ఉన్నయి. మిషన్లు పిల్లల రాతల్ని మింగినయంటున్నరు," అంది నజియా. "నా మిషన్లు గట్ల చెయ్యవు. ఎవరో చేసిండ్రు."

ఉదయ్ భాస్కర్ గడియారం చూశాడు. దారికి నాలుగు గంటలు తీసేస్తే, చేతిలో మిగిలేవి నాలుగున్నర. అసిస్టెంటు సువర్ణ అప్పటికే కారు తాళాలు అందుకుంది.

నజియాతో కలిసి బడికి చేరగానే ఆయన మిషన్లను ముట్టుకోలేదు, మనుషులతో మాట్లాడాడు. ప్రిన్సిపాల్ చాంది కోపంగా ఉంది. పిల్లలు తమ గూడేల పెద్దల దగ్గర విని రాసుకున్న కథలు పోయాయి. బుధవారం ఆటల పోటీలని క్లాసు జరగలేదు, మిషన్ల గది తాళం మాత్రం తీసే ఉంది. ఆ రోజు గదిలోకి వెళ్లింది ఇద్దరేనని రూప్‌సింగ్ చెప్పాడు. పొద్దున మోతీ తన మిషన్లు చూసుకోవడానికి వచ్చి గంట సేపున్నాడు. మధ్యాహ్నం నజియా దుకాణంలో మెకానిక్ ఆసిమ్ దుమ్ము తుడవాలంటూ వచ్చి మూడు గంటలున్నాడు.

ఒక మిషన్‌ను కొత్తదాన్ని చేయడానికి ఎంత సేపు పడుతుందని అడిగితే, నాలుగు మీటలు ఒకేసారి నొక్కితే చాలు, రెండు నిమిషాల పని అని నజియా చెప్పింది.

"ఇరవై మిషన్లకు నలభై నిమిషాలు. మోతీ ఉన్నది గంట. లెక్క అతికినట్టు సరిపోయింది సార్," అంది సువర్ణ.

"అంత చక్కగా అతికే లెక్కను ఇంకోసారి కూడి చూడాలి," అని ఆయన వంటగది వైపు నడిచాడు.

వంటామె ముత్తక్క మొదట ఏమీ తెలియదంది. ఆయన ఊరికే పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"బుధవారం పిల్లలు తిన్నంక ఆ గదికి పోయిన అయ్యా. జల్ది తెరుచుకునే మిషన్లల పన్నెండో నంబర్ల నా పేరు కొట్టుడు నేర్సుకుంటున్న. అక్షరాలు మంచిగనే పడ్డయి. మేడమ్‌కు చెప్పకుండ్రి."

మూడున్నరకు ఉదయ్ భాస్కర్ అందరినీ, నాలుగింటి నిర్ణయం కోసం వచ్చిన మోతీ, ఆసిమ్‌లను కూడా, మిషన్ల గదికి పిలిపించాడు. మోతీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నన్నే అంటరని తెలుసు," అన్నాడతను. "పోటీ అన్నంక పేరు రాకుండ ఉంటదా?"

"నువ్వు కాదు. నువ్వు వెళ్లిపోయాక, మధ్యాహ్నం భోజనాల తర్వాత కూడా ఒక మిషన్ బాగానే పనిచేసింది. చూసిన మనిషి ఈ బడిలోనే ఉంది, పేరు అడగకండి. దాని తర్వాత, మిషన్లు సంతకు పోయేలోపు ఇక్కడ కూర్చున్నది ఒక్కరే." ఆయన ఆసిమ్ వైపు తిరిగాడు. "చెరపడానికి నలభై నిమిషాలు చాలు. నీకు మూడు గంటలెందుకు పట్టింది?"

"దుమ్ము తుడిచిన సార్."

"కీబోర్డుల సందుల్లో దుమ్ము అలాగే ఉంది. పాడు చేయాలనే వచ్చినవాడు నొక్కేసి పోతాడు. కానీ ఇరవై ఏళ్లు జనం మిషన్లు బాగుచేసిన చెయ్యి, లోపలి సరుకు పక్కన దాచకుండా ఫార్మాట్ కొట్టదు. పిల్లల పాస్‌వర్డులు పెట్టింది నువ్వే. ఒక్కొక్కటీ తెరిచి కాపీ చేసుకున్నావు. ఆ మూడు గంటలూ దానికే పట్టాయి. అవునా?"

ఆసిమ్ చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అవ్ సార్."

"నా ఉప్పు తినుకుంట ఏందిరా ఇది?" అంది నజియా.

"ఈ మిషన్లకు వైరస్ రాదు, ఫార్మాట్ పని ఉండదు ఆపా. ఊరంత ఇవే కొంటే నా దగ్గరికి ఎవరొస్తరు? మీరు అమ్ముకుంటరు. నేనేం చేసుకోని బతకాలె?"

అతని మాటలో అబద్ధం లేదని నజియాకు తెలుసు. మిషన్ తప్పు లేదు గనుక, కథలన్నీ తిరిగొస్తే ఆర్డరు నజియాదేనని చాంది చెప్పింది. మోతీ బయటికి నడిచాడు.

"కూసో," అంది నజియా ఆసిమ్‌తో. "ఇరవైట్ల ఎవరి కథ వాళ్లకు ఎక్కియ్యి. ఈ పని అయ్యేదాక నువ్వు నా దుకాణం మనిషివే. అయినంక కాదు."

ఆసిమ్ మొదటి మిషన్ తెరిచాడు. ఎంత పని ఇచ్చినా చకచకా ముగించేవాడు, ఆ రోజు మాత్రం ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ చాలా నెమ్మదిగా చేశాడు.